పాత వీడియో గేమ్ నేడు కొనదగినదేనా?

ఈ శీర్షిక చూచి పెద్దలు నొసలు ముడివేయవచ్చును. వానకు మొగము వాచిన ఈ సీమలో, పెట్టిన పెట్టుబడి తిరిగి రాక రైతు దిగులుపడుతున్న ఈ నేలపై, ఆటవస్తువు కొనుగోలును గురించి కళాశాల వార్షిక సంచికలో చర్చ ఏల అని వారడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి నా సమాధానం కూడ ఆ కరువులోనే ఉన్నది. డబ్బు సమృద్ధిగా ఉన్నచోట ఏది కొన్నా చెల్లిపోతుంది. డబ్బు తక్కువైనచోట ప్రతి కొనుగోలు ఒక నిర్ణయం. ఇరవై ఏండ్ల, ముప్పై ఏండ్ల నాటి ఆటయంత్రాలను 'రెట్రో' అను ముద్దుపేరుతో తిరిగి అమ్ముతున్నారు. మన విద్యార్థులు ఫోనులో ప్రకటనలు చూచి తెప్పించుకొనుచున్నారు. కొందరు బెంగుళూరు వెళ్లినప్పుడు మెజెస్టిక్ దగ్గరి నేషనల్ మార్కెట్టులో బేరమాడి కొని తెచ్చుకొనుచున్నారు. కనుక ఇది ఊహాలోకపు చర్చ కాదు. తండ్రి పంపిన సొమ్ము ఏ దారిన పోవుచున్నదన్న చర్చ.

మొదట ఆ యంత్రం పుట్టుపూర్వోత్తరాలు చూతము. జపానులో నింటెండో సంస్థ 1983 జూలైలో 'ఫ్యామికామ్' అను ఆటయంత్రాన్ని విడుదల చేసినది. అదే 1985లో 'ఎన్.ఇ.ఎస్.' పేరుతో అమెరికా చేరినది. ప్రపంచమంతటా కలిపి ఆరు కోట్లకు పైగా అమ్ముడుపోయిన యంత్రమది. మన దేశంలో దాని అసలు రూపాన్ని చూచినవారు తక్కువ. సమురాయ్, లిటిల్ మాస్టర్, మీడియా వంటి పేర్లతో వచ్చిన పెట్టెలే 1990వ దశకంలో మన ఇండ్లలో చేరినవి. వాటిలో అధికభాగం జపాను యంత్రానికి అనుకరణలే. రష్యాలో 1992 నుండి 'డెండీ' అను అనుకరణ యంత్రం ఇట్లే ఇంటింటికి చేరినది. బ్రెజిల్‌లో టెక్‌టాయ్ సంస్థ సేగావారి పాత యంత్రాలను దశాబ్దాల తరబడి తయారుచేసి అమ్మినది. ధనిక దేశాలు వాడి పక్కన పెట్టిన వస్తువు తక్కిన దేశాలలో చాలాకాలం బ్రతుకుట కొత్త విషయం కాదు.

రాయలసీమ ఇండ్లకు ఈ పెట్టెలు రెండు దారుల వచ్చినవి. ఒకటి బెంగుళూరు, హైదరాబాదు అంగళ్ల దారి. రెండవది గల్ఫు దారి. కువైట్, సౌదీ దేశాలలో కష్టించి సెలవుపై వచ్చిన పినతండ్రి పెట్టెలో అత్తరు సీసా, దుప్పటి, టార్చిలైటుతో పాటు ఒక 'టీవీ గేమ్' కూడ ఉండెడిది. దానిని ఎవరూ కన్సోల్ అనలేదు. టీవీ గేమ్ అన్నారు, వీడియో గేమ్ అన్నారు. అందులో పెట్టు దానిని క్యాసెట్ అన్నారు. కరెంటు ఉన్నంతసేపు ఆడి, పోగానే వీధిలోకి పరుగెత్తిన తరమది.

ఇప్పుడు అంగడిలో 'రెట్రో' పేరుతో దొరకు సరకు మూడు విధములు. మొదటిది ఆనాటి అసలు యంత్రం. రెండవది వేయి రూపాయల చుట్టుపక్కల దొరకు అనుకరణ. దీనిపై లక్షల సంఖ్యలో ఆటలున్నట్లు అచ్చు వేసి ఉండును. తెరచి చూచిన పది ఇరవై ఆటలే పేర్లు మార్చుకొని మరల మరల ఎదురగుచుండును. మూడవది అసలు సంస్థలే పాత ఆటలను నింపి కొత్తగా చేసిన చిన్న యంత్రం. నింటెండో 2016లో 30 ఆటలతో ఇట్టి దానిని తెచ్చినది. తయారీ నిలిచిన పిమ్మట అదియు సేకరణకర్తల చేతిలో పడి ధర పెరిగినది.

కొనుగోలుదారుడు ముందుగా ఎరుగవలసిన చిక్కులు కొన్ని ఉన్నవి. పాత యంత్రాలకు పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల తీగ కావలెను. నేటి టీవీలలో చాలవాటికి ఆ రంధ్రములే లేవు. మధ్యలో మరియొక మార్పిడి పెట్టె కొనవలెను. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లు కారాదన్నచో అంకుశం ఖరీదును కూడ ముందే లెక్క వేసుకొనవలెను. తుపాకితో బాతులను కొట్టు 'డక్ హంట్' వంటి ఆటలు పలచని టీవీలపై అసలే పనిచేయవు. పిక్చర్ ట్యూబు తెరపై కాంతి గీతలుగా పరుగెత్తు తీరును ఆ తుపాకి కనిపెట్టును. ఆ పరుగు లేని తెరపై అది గ్రుడ్డిది. విదేశాల నుండి తెచ్చిన యంత్రమైనచో విద్యుత్తు చిక్కు కూడ ఉన్నది. జపాను ఇండ్లలో 100 వోల్టులు, అమెరికాలో 120 వోల్టులు. అక్కడి అడాప్టరును మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన నిమిషంలో పొగ వచ్చును.

దీనికి తోడు మన అనంతపురం ఎండ. యంత్రంలోని ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్లు వేడికి ఎండిపోవును. వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగినకొద్దీ వాటి ఆయువు సుమారు సగమగునని ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు ఎరుగుదురు. నలభై డిగ్రీలు దాటు వేసవులు, కిటికీ మూసినా ఆగని దుమ్ము, దీపమాలగా ఎగసి పడు వోల్టేజి, ఇవన్నియు ముసలి యంత్రానికి శత్రువులే. క్యాసెట్ పనిచేయనప్పుడు అడుగున నోటితో ఊదుట మన బాల్యవిద్య. ఆ ఊపిరిలోని తేమ లోహపు అంచులను తినివేయునని, ఊదవద్దని తయారీదారులే చెప్పియున్నారు. డిస్కులతో నడచు యంత్రాలలో కటకం అరిగిపోవును. మార్చుటకు కొత్త భాగం సంస్థవారు చేయరు. మరియొక చచ్చిన యంత్రం నుండి తీయవలసినదే.

ఇంతవరకు చదివిన మిత్రులు, 'అయితే కొనరాదు, చర్చ ముగిసినది' అనుకొనవచ్చును. నేనట్లు అనుటలేదు. ఉర్దూలో 'జరూరత్' అని ఒక మాట, 'షౌఖ్' అని మరియొక మాట ఉన్నవి. మనిషి జరూరత్‌తో బ్రతుకును, షౌఖ్‌తో మనిషి అనిపించుకొనును. పావురాలు పెంచువారు, ఎడ్లపందెపు ఎద్దును కన్నబిడ్డ వలె మేపువారు, పాత నాణెములు దాచువారు మన జిల్లాలో లేరా? వారిని మనము వ్యర్థులనుటలేదు. అయితే షౌఖ్‌ను జరూరత్ అని నమ్మించి అమ్ముటయే నేటి వ్యాపార రహస్యం. 'నీ బాల్యాన్ని తిరిగి కొనుక్కో' అన్న ప్రకటన ఎవరితో మాట్లాడుచున్నది? ముప్పై దాటిన నాబోటివారితో. ఈ కళాశాలలో చదువుచున్న విద్యార్థి 2005 తరువాత పుట్టినవాడు. లిటిల్ మాస్టర్ అతని బాల్యం కాదు. తనది కాని జ్ఞాపకానికి అతడు వెల చెల్లించుట వింత. దూరపు కొండలు నునుపన్నట్లు, చూడని కాలం మరింత నునుపు.

కనుక బాల్యస్మృతి అను కారణాన్ని పక్కన పెట్టి, ఆ యంత్రంలో నేటి విద్యార్థికి పనికివచ్చునదేమైన ఉన్నదా అని అడుగవలెను. ఉన్నదనియే నా అభిప్రాయం. కారణములు మూడు.

మొదటిది, పాత ఆట ముగియును. ఈ మాట చిన్నదిగా తోచవచ్చును. కాని నేటి ఫోను ఆటలను చూడుడు. వాటికి చివర లేదు. చివర లేకుండుటయే వాటి నిర్మాణం. ఉచితమని పిలిచి, లోపల ప్రతి మలుపులో రూపాయి అడుగును. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో, ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం నిషేధించినప్పుడు, అందులో దుస్తులకు, ఆయుధాలకు డబ్బు పోసిన పిల్లలకు ఆ ఆటల తలుపు మూసుకొన్నది. అంతకంటె పెద్ద ప్రమాదం పందెపు ఆటలది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే ఆన్‌లైను జూదాన్ని నిషేధించవలసి వచ్చినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించునట్లు డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించు చట్టం చేసినది. ఒక రాష్ట్రము, పిమ్మట ఒక దేశము చట్టం చేయవలసినంత నష్టం ఇండ్లలో జరిగినదన్నమాట. పాత యంత్రానికి ఇంటర్నెట్టు లేదు, బ్యాంకు ఖాతాతో పొత్తు లేదు. ఒకసారి కొన్నపిదప అది చేయి చాచదు. మూడు ప్రాణాలు పోయిన ఆట ముగిసినది, లేచి పుస్తకం తీయుమని అదియే చెప్పును.

రెండవది, పాత యంత్రంలో పొదుపు అను విద్య ఉన్నది. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట మొత్తం పరిమాణం 40 కిలోబైట్లు. నేడు మీరు వాట్సాప్‌లో పంపు ఒక శుభాకాంక్షల బొమ్మ అంతకంటె అనేక రెట్లు బరువైనది. ఆ యంత్రానికి పనిచేయు స్మృతి 2 కిలోబైట్లు మాత్రమే. ఆ ఇరుకులో ఒక లోకాన్ని ఎట్లు ఇమిడ్చిరి? ఆకాశంలోని మేఘానికి, నేలపైని పొదకు ఒకే బొమ్మ వాడిరి. రంగు మాత్రమే మార్చిరి. కోట్లమంది ఆడిరి, ఎవరో తప్ప గుర్తించలేదు. ఉన్న నీటిని చాళ్లకు పంచుకొని పంట తీయు మన రైతుకు ఈ విద్య కొత్తది కాదు. కంప్యూటరు చదువుచున్న మన పిల్లలకు మాత్రం కొత్తదే. యంత్రం ఎంత పెద్దదైన దానిని నింపుటయే నేడు నేర్పుచున్నాము, తక్కువతో ఎక్కువ చేయుట నేర్పుట లేదు. చెడిపోయిన పాత యంత్రాన్ని విప్పి, ఎండిన కెపాసిటరును గుర్తించి, కాచి తీసి, కొత్తది అతికి బ్రతికించిన విద్యార్థికి ఒక ప్రయోగశాల పాఠం అబ్బినట్లే. నేటి ఫోనును అట్లు విప్పగలమా?

మూడవ కారణం మన తెలుగువారికి ప్రత్యేకం. సోనీ సంస్థ 2000లో విడుదల చేసిన ప్లేస్టేషన్ 2 ప్రపంచంలో పదిహేను కోట్లకు పైగా అమ్ముడుపోయి, 2013 జనవరితో తయారీ ముగించుకొన్నది. ఆ యంత్రానికి 2009లో హైదరాబాదులో ఆటలు తయారైనవని మనలో ఎందరికి తెలియును? అరోనా టెక్నాలజీస్ అను హైదరాబాదు సంస్థ 'హనుమాన్: బాయ్ వారియర్' ఆటను చేసినది. పూర్తిగా భారతదేశంలోనే తయారైన తొలి ప్లేస్టేషన్ ఆటగా అది ప్రచారమైనది. హైదరాబాదులోనే గేమ్‌శాస్త్ర సంస్థ 'దేశీ అడ్డా' అను ఆటను చేసినది. అందులో కబడ్డీ ఉన్నది, గాలిపటం ఉన్నది, ఉర్దూవారి గిల్లీ డండా, అనగా మన బిళ్ళంగోడు ఉన్నది. ఇవి గొప్ప ఆటలా అన్నది వేరు ప్రశ్న. మొదటిదానిపై విమర్శలు చాల వచ్చినవి. తొలి అడుగులు తడబడుట సహజం. కాని ఆ డిస్కులను ప్లేస్టేషన్ 4 గాని, 5 గాని చదువవు. పాత యంత్రాలు ఒక్కొక్కటి చెత్తకుప్పకు పోయినకొద్దీ తెలుగు నేలపై జరిగిన ఆ తొలి ప్రయత్నమును చూడగల కన్నులు మూతపడుచున్నవి.

ఇది మన ఒక్కరి దుఃఖం కాదు. అమెరికాలో 2010కి పూర్వం విడుదలైన ఆటలలో 87 శాతం నేడు అంగడిలో దొరకుటలేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించినది. అదే ఏడు మార్చిలో నింటెండో తన రెండు పాత యంత్రాల ఆన్‌లైను అంగడిని మూసివేసినది. సంపన్న దేశపు గతియే ఇట్లున్నప్పుడు మన గతి చెప్పనేల? కడపలో కొలువు చేసిన బ్రౌను దొర చెదలు పట్టుచున్న తాళపత్రాలను సేకరించి ప్రతులు వ్రాయింపకున్న ఎన్ని కావ్యాలు మనకు దక్కెడివి? పోలిక గొప్పతనంలో కాదు, సూత్రంలో మాత్రమే. ఏది నిలువదగినదో తరువాతి తరం తేల్చును. తేల్చుటకు ముందు అది మిగిలి ఉండవలెను గదా.

ఇచట ఒక ఆక్షేపణకు బదులు చెప్పవలెను. 'పాత ఆటలను కంప్యూటరులో గాని, ఫోనులో గాని ఎమ్యులేటరు పెట్టి ఆడవచ్చును గదా, పెట్టె ఏల?' అని విద్యార్థులడుగుదురు. కేవలం ఆట రుచి చూడదలచినవారికి అది చాలును. అసలు సంస్థలే కొన్ని పాత ఆటలను కొత్త యంత్రాలపై అమ్ముచున్నవి. ఆ దారి సుగమం, న్యాయం. కాని కాపీహక్కు గడువు తీరని ఆటలను అనుమతి లేక దించుకొనుట చట్టసమ్మతం కాదు. వేయి రూపాయల అనుకరణ పెట్టెలలోని ఆటలలో హక్కులు చెల్లించి పెట్టినవి అరుదు. చౌక అనుకొని కొన్నది దొంగసొత్తు కారాదు. ఈ విచారణ మన కుర్రవారిలో కలుగుటయే ఒక లాభం.

ఇన్ని మాటల సారం ఇది. విద్యార్థి తన ఇంటి సొమ్ముతో పాత యంత్రం కొనుట తగదు. ఫీజు కట్టవలసిన వేళ, అప్పు తెచ్చి అంతకన్న తగదు. సేకరణకర్తల ధర పెట్టి అసలు యంత్రం కొనుట జీతం వచ్చిన పిదప చూచుకొనదగిన షౌఖ్. ఇంట్లో అటకపై పాతది ఉన్నచో దుమ్ము దులిపి బాగు చేయించుకొనుడు. అది కొనుగోలు కాదు, కాపాడుట. కొత్త ప్లేస్టేషన్‌కు యాభై వేలకు పైగా పోయుటకంటె, బాగు చేయించిన పాతదానిని అన్నదమ్ములు కలిసి ఆడుట ఎన్నో మడుగులు మేలు.

కాని ఒకరు కొనరాని వస్తువును పదిమంది కలిసి కొనవచ్చును. గ్రంథాలయం అట్లే పుట్టినది. అందుచేత కళాశాల పాలకవర్గం వారికి ఒక మనవి. పనిచేయు స్థితిలో ఉన్న ప్లేస్టేషన్ 2 ఒకటి, పాత క్యాసెట్ యంత్రం ఒకటి, హైదరాబాదులో తయారైన ఆ రెండు ఆటల డిస్కులు దొరికినచో అవి, మనము కొనదగినవి. పిక్చర్ ట్యూబు టీవీ కొననక్కరలేదు. ఏ ఇంటనైన అడిగిన ఊరకే ఇచ్చెదరు. కంప్యూటరు, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు వాటి మరమ్మతు బాధ్యత వహింతురు గాక. అవి పనిచేయు తీరును తెలుగులోను, ఉర్దూలోను నాలుగు పుటలుగా వ్రాసి పక్కన తగిలింతురు గాక.

మరియొక మాట. ఆ యంత్రాన్ని అబ్బాయిల కామన్ రూములో పెట్టవద్దని, అమ్మాయిల విశ్రాంతి గదిలో పెట్టవలెనని నా కోరిక. కారణం ఉన్నది. వీధిలో క్రికెట్ ఆడుటకు, వీడియో గేమ్ అంగడికి వెళ్లుటకు మన ఇండ్లలో ఆడపిల్లలకు వీలు తక్కువ. ఆనాటి టీవీ గేమ్ ఇంటి నడిమింట ఉండెను గనుక అన్నతో సమానంగా చెల్లెలు రెండవ జాయ్‌స్టిక్ పట్టుకొన్నది. గెలిచినది కూడ. ఫోను వచ్చిన తరువాత ఆట అన్న జేబులోకి పోయినది. చెల్లెలికి ఆట లేదు, ఆ ఆటను తయారుచేయు విద్యపై ఆశ కూడ సన్నగిల్లినది. ఆటలు చేయు సంస్థలలో మన అమ్మాయిలు కూర్చొనవలెనన్నచో మొదట వారి చేతిలో ఆట ఉండవలెను, దానిని విప్పి చూచు స్వేచ్ఛ ఉండవలెను.

పాతదైనంత మాత్రాన మంచిది కాదు, కొత్తదైనంత మాత్రాన గొప్పది కాదు. వస్తువు మన చేత డబ్బు పెట్టించుచున్నదా, బుద్ధి పెట్టించుచున్నదా అన్నదే గీటురాయి. ఆ గీటురాయిపై గీసి చూచినచో పాత వీడియో గేమ్ ఒక్కని జేబుకు దండుగ, పదిమంది గదికి దక్షత. పాలకవర్గం వారు ఆలోచింతురు గాక. విద్యార్థి మిత్రులు అంతవరకు తమ అటకలు వెదుకుదురు గాక.